చదరంగం చివర్నుంచి నేర్వాలె

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ చదరంగ కిరీటం ఒక్క ఏనుగు ఎత్తుతో చేతులు మారింది. అది పద్నాలుగో ఆట, స్కోరు ఆరున్నర – ఆరున్నర. బల్ల మీద పావులు దాదాపు ఖాళీ అయ్యాయి. చెరో రాజు, చెరో ఏనుగు, చెరో ఒంటె, కొద్దిపాటి బంట్లు. నల్లపావులతో ఆడుతున్న గుకేశ్‌కు ఒక్క బంటు ఎక్కువ, అంతే. డ్రా తప్పదని చూసేవాళ్లంతా నిశ్చయించుకున్నారు. అప్పుడు, 55వ ఎత్తులో, అప్పటి ప్రపంచ విజేత డింగ్ లిరెన్ తన ఏనుగును ఎఫ్2 గడికి జరిపాడు. గుకేశ్ ఏనుగులను మార్చేశాడు. మరుక్షణం తన ఒంటెను డింగ్ ఒంటెకు ఎదురుగా నిలిపి దాన్నీ మార్పించాడు. ఇక మిగిలింది రాజులు, బంట్లు. ఆ స్థితి ఎవరిదో చెప్పడానికి గ్రాండ్‌మాస్టర్ అక్కర్లేదు. రాజు–బంట్ల లెక్క నేర్చిన ఆరో తరగతి పిల్ల చెప్పగలదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ప్రపంచ విజేత అయ్యాడు.

ఆ కుర్రాడు చెన్నైలో పుట్టిన తెలుగింటి బిడ్డ. అతణ్ని ఆ పోరుకు సిద్ధం చేసిన బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. చివరాట అనే విద్యలో హరికృష్ణ ఎంతటివాడో కింద చెప్తాను. ముందు అసలు మాట చెప్పాలి. నల్లగొండలో, పాలమూరులో, గద్వాలలో, దేవరకొండలో చదరంగం కొత్తగా పట్టిన ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ, వాళ్ల తల్లిదండ్రులకూ నేను చెప్పదలచుకున్నది ఒకటే: ఈ ఆట చివర్నుంచి మొదటికి నేర్వాలె. ఈ రోజుల్లో అందరూ మొదట్నుంచే మొదలుపెట్టి, మొదట్లోనే ఆగిపోతున్నారు.

రచ్చకట్ట మీది గీతలు

చతురంగమనే పేరుతో ఈ ఆట మన దేశంలో పుట్టి, పర్షియా మీదుగా ప్రపంచం చుట్టివచ్చిందంటారు. మంత్రికి ఇప్పుడున్న ఇంత బలం పదిహేనో శతాబ్దం చివర్లో ఐరోపా ఇచ్చింది. చరిత్ర ఇంతమట్టుకు చాలు. నాకు ముఖ్యమైంది మన ఊళ్ల సంగతి.

మన పాత గుళ్ల మండపాల బండల మీద, కోట అరుగుల మీద, రచ్చకట్టల మీద పులి–మేక గీతలు చెక్కి ఉంటాయి. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు కూడళ్లు. మేకలవాడు ఒక్కొక్క మేకనే దింపుతాడు. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలదు. ఈలోగా పులి తిరుగుతూనే ఉంటుంది. మేక వెనక కూడలి ఖాళీగా దొరికితే దూకి తినేస్తుంది. వెనక ఇంకో మేక నిలబడి ఉంటే పులి ఏమీ చేయలేదు. ఇందులో చదరంగం పాఠాలు రెండున్నాయి. ఒకటి, ఏ పావునూ ఒంటరిగా వదలొద్దు, దాని వెనక ఇంకోటి ఉండాలె. రెండు, బలమైనదాన్ని చంపలేకపోయినా దారులు మూసి కట్టిపడేయవచ్చు. మేకలు గెలిచేది పులిని తిని కాదు, కదలకుండా చేసి. ఆటకట్టు అంటే కూడా అదే కదా. మా తాతల తరం పులి–మేక ఆడి, తర్వాత చదరంగం బల్ల ముందు కూర్చుంటే, వాళ్లకు రక్షణ అంటే ఏమిటో ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. పిల్లలకు ముందు పులి–మేక నేర్పండి. సుద్దముక్క, చింతగింజలు, గులకరాళ్లు ఉంటే చాలు. ఖర్చు రూపాయి కూడా లేదు.

పల్లెల్లో దేశవాళీ చదరంగం ఇంకా అక్కడక్కడా బతికే ఉంది. బంటు ఒక్క గడే కదులుతుంది. క్యాస్లింగ్ ఉండదు. దానికి బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకుతాడు. ఆ ఆట నేర్చినవాళ్లు పోటీలకు వెళ్లి తికమకపడతారు, నిజమే. అయితే ఆ ఆటను చులకన చేసేవాళ్లకు మీర్ సుల్తాన్ ఖాన్ పేరు చెప్పాలి. పంజాబు పల్లెల్లో దేశవాళీ ఆట ఆడి పెరిగిన మనిషి. పెద్దయ్యాకే అంతర్జాతీయ నియమాలు నేర్చుకుని 1929, 1932, 1933లో మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1930–31 హేస్టింగ్స్ పోటీలో మహామహుడైన కాపాబ్లాంకానే ఓడించాడు. ఆరంభాల పుస్తకాలు అతనికి తెలియవు. తెలిసింది స్థితిని చదవడం, ఓపిక పట్టడం. 2024లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. బతికున్నప్పుడు ఇవ్వాల్సింది.

ఊరికే పోయే పావులు

మొదటి ఏడాది పిల్లల ఆటలు వంద చూడండి. లోతైన వ్యూహాల వల్ల ఓడిపోయిన ఆట ఒకటీ కనిపించదు. గుర్రం ఊరికే పోతుంది. ఒంటె ఊరికే పోతుంది. మంత్రి ఎదుటివాడి ఏనుగు దారిలో నిలబడి పోతుంది. ఆట అక్కడే తేలిపోతుంది. అందుకని కొత్తవాళ్లకు మొదటి మందు ఒక ప్రశ్న: “ఎదుటివాడు ఈ ఎత్తు ఎందుకు వేశాడు?” ప్రతిసారీ, ఒక్కసారి కూడా మానకుండా, ఈ ప్రశ్న వేసుకోవాలి. వాడిప్పుడు ఏ పావు మీద కన్నేశాడు? వాడు కదిలినందువల్ల ఏ దారి తెరుచుకుంది? ఏ గడి కాపలా లేకుండా పోయింది?

తర్వాత తన ఎత్తు ఎంచుకునేముందు వరుసగా మూడు చూడాలి. చెక్ చెప్పగల ఎత్తులు, పావు కొట్టగల ఎత్తులు, బెదిరింపు పెట్టగల ఎత్తులు. ముందు ఎదుటివాడికి ఉన్నవి చూడాలి, తర్వాత తనవి. ఎంచుకున్నాక కూడా చేయి చాచకుండా, ఆ పావు కొత్త గడిలో నిలబడ్డట్టు మనసులో ఊహించి మరోసారి బల్లంతా చూడాలి. పోటీల్లో ముట్టుకున్న పావును కదపాల్సిందే. అందుకే చూపు పూర్తయ్యేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేయాలి.

పావుల విలువలు కంఠతా రావాలి: బంటు 1, గుర్రం 3, ఒంటె 3, ఏనుగు 5, మంత్రి 9. ఇవి శిలాశాసనాలు కావు. మూసుకుపోయిన బల్ల మీద గుర్రం ఒంటెను మించుతుంది, తెరుచుకున్న బల్ల మీద ఒంటె గుర్రాన్ని మించుతుంది. కానీ ఏనుగునిచ్చి గుర్రాన్ని తీసుకున్న పిల్లవాడికి తాను నష్టపోయానని తెలియాలి కదా. ఇంత శ్రద్ధతో ఆడితే చాలు, ఆరు నెలల్లో ఆ బడిలో వాణ్ని ఓడించేవాళ్లు ఒకరిద్దరు మిగులుతారు. ఇది అతిశయోక్తి కాదు.

రాజు బయటికి వచ్చే వేళ

ఇప్పుడు నా ప్రాణమైన విషయానికి వస్తాను. కాపాబ్లాంకా తన జీవితమంతా చెప్పిన సలహా చివరాట ముందు చదవమనే. 1921లో వచ్చిన ఆయన పుస్తకం కూడా తేలికైన ఆటకట్లతోనే మొదలవుతుంది. పావులు తక్కువ ఉన్నప్పుడే ఒక్కొక్క పావు అసలు బలం కంటికి కనబడుతుంది. ముప్పై రెండు పావుల రద్దీలో కొత్తవాడికి ఏమీ తెలియదు. మూడు పావుల బల్ల మీద అన్నీ తెలుస్తాయి.

మొదటి మెట్టు మంత్రితో ఆటకట్టు. ఒంటరి రాజును మంత్రి, రాజు కలిసి ఎక్కువలో ఎక్కువ పది ఎత్తుల్లో కట్టేయవచ్చు. మంత్రితో గీత గీసినట్టు రాజు తిరిగే చోటును తగ్గించుకుంటూ పోవాలి, చివర్లో మన రాజు దగ్గరికి రావాలి. ఇక్కడే పిల్లలు తొందరపడి ఎదుటి రాజుకు ఒక్క గడీ లేకుండా చేస్తారు. చెక్ ఉండదు, కదలడానికి చోటూ ఉండదు, అది స్టేల్‌మేట్, ఆట డ్రా. గెలిచిన ఆట చేజారిపోతుంది. రెండో మెట్టు ఏనుగుతో ఆటకట్టు. ఎక్కువలో ఎక్కువ పదహారు ఎత్తులు. ఏనుగు గోడ కడుతుంది, మన రాజు ఎదుటి రాజుకు సూటిగా నిలబడినప్పుడు పక్కనుంచి చెక్, వాడు ఒక వరుస వెనక్కి. అలా బల్ల అంచుదాకా. ఈ రెండూ కళ్లు మూసుకుని చేయగలిగిందాకా మూడో సంగతి ఎత్తవద్దు.

మూడో మెట్టు రాజు, బంటు. చదరంగానికి ఇది గుండెకాయ. రెండు రాజులు మధ్యలో ఒక్క గడి వదిలి ఎదురెదురుగా నిలబడితే, ఎత్తు వేయాల్సినవాడు పక్కకు తప్పుకోక తప్పదు. కదిలినవాడు దారి ఇచ్చినట్టే. తెల్ల రాజు ఈ6 గడిలో, తెల్ల బంటు ఈ5లో, నల్ల రాజు ఈ8లో ఉంటే, ఎత్తు ఎవరిదైనా తెలుపే గెలుస్తుంది. అదే బంటు తొందరపడి ఈ6కు వెళ్లి, తెల్ల రాజు దాని వెనక ఈ5లో ఉండిపోతే, ఈ7లో ఉన్న నల్ల రాజు సూటిగా వెనక్కి ఈ8కు తగ్గితే చాలు, డ్రా. రెండు చోట్లా అవే మూడు పావులు. తేడా ఒక్కటే, రాజు బంటుకు ముందున్నాడా, వెనకున్నాడా అన్నది. ఇది తెలిసిన పదేళ్ల పిల్లకు, తెలియని ముప్పై ఏళ్ల మనిషికి మధ్య అరపాయింటు తేడా రాసి పెట్టి ఉన్నట్టే.

పరుగెత్తే బంటును రాజు పట్టగలడా అని తెలుసుకోవడానికి ఎత్తులు లెక్కపెట్టే పనిలేదు. బంటు నుంచి అది మంత్రి అయ్యే గడిదాకా ఒక భుజం అనుకుని చతురస్రం గీసుకోండి. ఎదుటి రాజు తన ఎత్తులో దాని లోపల అడుగుపెట్టగలిగితే పట్టేస్తాడు, లేకపోతే లేదు. తర్వాత ఏనుగుల చివరాట. ఆటల్లో అన్నిటికంటే తరచుగా వచ్చేది అదే. ఒక బంటు తక్కువ ఉన్నవాడు తన ఏనుగును ఎదుటి రాజు ముందుకు రాకుండా మూడో వరుసలో కాపలా పెట్టి, బంటు ముందుకు జరిగిన క్షణంలో ఏనుగును చివరికి దించి వెనకనుంచి చెక్‌లు చెబుతూ కాపాడుకుంటాడు. ఫిలిడోర్ రక్షణ అంటే ఇదే. గెలవాల్సినవాడు ఏనుగును నాలుగో వరుసలో పెట్టి తన రాజుకు వంతెన కడతాడు, దాని పేరు లూసెనా స్థితి. ఈ రెండు తెలిస్తే సగం ఏనుగు చివరాటలు తెలిసినట్టే.

ఈ విద్యను కళ్లారా చూడాలంటే హరికృష్ణ ఆటలు బల్ల మీద వేసుకుని చూడండి. 2001లో గ్రాండ్‌మాస్టర్. అప్పటికి మన దేశంలో అంత చిన్న వయసులో ఆ బిరుదు పొందినవాడు లేడు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ విజేత. 2016లో ప్రపంచంలో పదో ర్యాంకు. ఏమీ లేదని అందరూ అనుకున్న స్థితిలో ఆయన ఒక చిన్న మేలు పట్టుకుని నలభై ఎత్తులు నలిపి గెలుస్తాడు. ఆర్భాటం ఉండదు, అరుపులుండవు. అలాంటి ఆటను మన పత్రికలు ఎప్పుడూ తొలి పేజీలో వేయవు. నాకైతే అంతకంటే అందమైన పని ఇంకోటి లేదు.

మనసులో ముందే నేసిన బట్ట

చివరాట పునాది పడ్డాకే ఎత్తుగడల వంతు. ఒక్క పావుతో రెండింటి మీద దాడి చేసే ఫోర్క్. వెనక రాజు ఉన్నందువల్ల ముందున్న పావు కదల్లేకుండా చేసే పిన్. ముందున్న పావు కదలగానే వెనకున్నది చెక్ చెప్పే దాగుడు దాడి. చివరి వరుసలో బంట్ల వెనక ఇరుక్కున్న రాజును కట్టేసే ఏనుగు. ఇవి పుట్టుకతో వచ్చేవి కావు, చూడగా చూడగా కంటికి పడతాయి. లాస్లో పోల్గార్ కూర్చిన 5334 సమస్యల పుస్తకంలో అధికభాగం రెండెత్తుల్లో ఆటకట్లే. ముగ్గురు కూతుళ్లను ఛాంపియన్లుగా పెంచిన మనిషికి చిన్న సమస్యల విలువ తెలుసు. రోజుకు పది చాలు. కానీ జవాబు పూర్తిగా కనబడేదాకా పావు ముట్టకూడదు. తోచిన ఎత్తు వేసి, తప్పయితే ఇంకోటి వేసి చూడటం సాధన కాదు, కాలక్షేపం.

ఇద్దరూ చెరో ఎత్తు వేసేసరికి 400 స్థితులు రావచ్చు. చెరో రెండు వేసేసరికి డెబ్బై రెండు వేలు దాటుతాయి. అన్నీ లెక్కించడం ఎవరి వల్లా కాదు. కావలసింది సరైన దారి ఒకటి ఎంచుకుని, దాన్ని చివరిదాకా చెరగకుండా చూడగలగడం. మన పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్లు చేసేది అదే. బట్ట మీద పువ్వు మగ్గం ఎక్కాక పుట్టదు. మగ్గం ఎక్కకముందే నూలుకు చిటికి కట్టి, రంగులో ముంచి, ఏ పోగు ఎక్కడ పడాలో ముందే చూసి పెట్టుకుంటారు. కట్టు ఒక్కచోట తప్పితే పువ్వు చెదిరిపోతుంది. చదరంగంలో లెక్క అచ్చం అటువంటిదే.

ఈ కళకు ఇవాళ మన తెలంగాణ ఇచ్చిన గొప్ప పేరు వరంగల్ బిడ్డ ఎరిగైసి అర్జున్. 2018లో పదిహేనేళ్లు నిండకముందే గ్రాండ్‌మాస్టర్. 2022లో టాటా స్టీల్ చాలెంజర్స్ విజేత. 2024 డిసెంబర్ జాబితాలో 2801 రేటింగ్. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన భారతీయుడు అతనొక్కడే. అదే ఏడాది బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బల్ల మీద పదకొండు ఆటల్లో పది పాయింట్లు, వ్యక్తిగత స్వర్ణం, జట్టుకు స్వర్ణం. తొమ్మిది గెలుపులు, రెండు డ్రాలు, ఓటమి లేదు. అర్జున్ ఆటలో నాకు నచ్చేది డ్రా కోసం కూర్చోకపోవడం. స్థితి సమంగా ఉన్నా, ఎదుటివాడికి ఇంకో ప్రశ్న వేయగలనా అని వెతుకుతాడు. అది తెగువ ఒక్కటే అనుకుంటే పొరపాటు. లోతుగా చూడగలిగినవాడికే ఆ తెగువ ఉంటుంది. హైదరాబాద్ నుంచి హర్ష భరత్‌కోటి, రాజా రిత్విక్, 2023లో దేశపు 82వ గ్రాండ్‌మాస్టర్ అయిన ఉప్పల ప్రణీత్ కూడా ఈ బాటలోనే వచ్చారు. మన ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి పాలమూరు నుంచి ఇంకా ఆ వరుసలోకి ఒక పేరు రావాలి.

నాలుగెత్తుల మోసం

ఇక్కడ నాకు కోపం వస్తుంది. చదరంగం నేర్పిస్తామంటూ ఇవాళ ఫోన్లలో, సందుసందునా వెలసిన శిక్షణ కేంద్రాల్లో పిల్లలకు ముందుగా చెప్పేది ఏమిటి? నాలుగెత్తుల ఆటకట్టు. తెల్ల బంటు ఈ4, ఒంటె సీ4, మంత్రి హెచ్5, ఎఫ్7 మీద దెబ్బ. బడిలో పక్కవాణ్ని రెండుసార్లు ఓడించగానే పిల్లవాడు గొప్పవాణ్ననుకుంటాడు, తల్లిదండ్రులు ఫీజు కట్టేస్తారు. కానీ ఎదుటివాడు గుర్రాన్ని సీ6కు తెచ్చి, మంత్రి హెచ్5కు రాగానే జీ7 బంటును జీ6కు తోస్తే ఆ మాయ అక్కడితో సరి. మంత్రి ఎఫ్3కు తప్పుకుని మళ్లీ ఎఫ్7 మీద కన్నేస్తే, రెండో గుర్రం ఎఫ్6కు వచ్చి అడ్డం నిలుస్తుంది. తెల్లవాడి మంత్రి అటూ ఇటూ పరుగులు పెడుతుంటే నల్లపావులన్నీ యుద్ధానికి సిద్ధం. ఈ జవాబు మీ పిల్లలకు నేర్పండి. ఆ మోసం నేర్పకండి.

ఆరంభానికి కొత్తవాడికి కావలసింది నాలుగే నాలుగు మాటలు. నడుమ గడులను బంట్లతో పట్టుకో. గుర్రాలను, ఒంటెలను త్వరగా బయటికి తే, ఒకే పావును పదేపదే కదపొద్దు. మంత్రిని తొందరపడి బయటికి పంపొద్దు. క్యాస్లింగ్ చేసి రాజును భద్రం చేసి ఏనుగులను కలుపు. ఇంతే. ఇరవై ఎత్తులు కంఠస్థం చేసిన పిల్లవాడు, ఎదుటివాడు ఆరో ఎత్తులో దారి మార్చగానే తెల్లబోతాడు. ఈ నాలుగు మాటల అర్థం తెలిసినవాడు ఏ దారిలోనైనా నడవగలడు. నెల రోజుల్లో ఛాంపియన్ చేస్తామని గోడల మీద అంటించుకునేవాళ్లు చదరంగం పేరు చెప్పుకుని అమ్ముకుంటున్నది చదరంగం కాదు. నకిలీ విత్తనం అమ్మినవాణ్ని రైతు నిలదీస్తాడు. పిల్లల ఏడాదులను బూడిద చేసే ఈ వ్యాపారాన్ని ఎవరు నిలదీస్తారు?

బల్లల సంగతీ అంతే. గాలికి పడిపోయే తేలిక ప్లాస్టిక్ పావులు, గుర్రమేదో ఒంటేదో గుర్తుపట్టలేని బొమ్మలు. పోటీల్లో వాడే రాజు ఎత్తు సుమారు 9.5 సెంటీమీటర్లు, గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు. ఆ కొలతల మడతబల్ల ఒకటి బడికి కొనిపెడితే పదేళ్లు ఉంటుంది.

కాగితం మీద రాసిన ఎత్తు

సాధనలో అసలైన భాగం నిదానంగా ఆడిన ఆట, దాన్ని తిరిగి చూసుకోవడం. వారానికి రెండు ఆటలు చాలు, మనిషికి కనీసం ముప్పావు గంట ఉండాలి. ప్రతి ఎత్తు కాగితం మీద రాయాలి. పెద్ద పోటీల్లో అది నియమం, ఇంట్లో అది చదువు. ఆట అయ్యాక ఎదుటివాడితోనే కూర్చుని, ఎక్కడ ఏమనుకున్నావని అడగాలి. నీకు ఎక్కడ అనుమానం వచ్చిందో అక్కడ కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. ఫోన్లో చదరంగం ఇంజిన్ తెరవడం అన్నిటికంటే చివర. ఇంజిన్ సరైన ఎత్తు చెబుతుంది, నువ్వెందుకు తప్పు ఎత్తు వేశావో చెప్పదు. అది నువ్వే కనిపెట్టాలి. ఓడిన ఆటలు ఒక నోటుపుస్తకంలో పెట్టుకుని, నెలకోసారి తిరగేస్తే అదే తప్పు మళ్లీ మళ్లీ కనబడుతుంది. దాన్నొక్కటి దిద్దుకో, రేటింగ్ అదే వస్తుంది.

ఇలా ఓపికతో ఎదిగిన ఆటకు మన తెలుగు నేలలో నిలువెత్తు సాక్ష్యం కోనేరు హంపి. గుడివాడ బిడ్డ. కూతురి కోసం ఉద్యోగం వదిలేసి, తానే గురువై నేర్పిన తండ్రి కోనేరు అశోక్. 1997లో పదేళ్లలోపు బాలికల ప్రపంచ విజేత, మరుసటి ఏడాది పన్నెండేళ్లలోపు, 2000లో పద్నాలుగేళ్లలోపు, 2001లో ప్రపంచ జూనియర్ బాలికల విజేత. 2002లో పదిహేనేళ్ల ఒక నెల ఇరవై ఏడు రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్. అప్పటిదాకా జుడిట్ పోల్గార్ పేరున ఉన్న మహిళల రికార్డు అది. జుడిట్ తర్వాత 2600 రేటింగ్ దాటిన రెండో మహిళ. బిడ్డ కోసం రెండేళ్లు ఆటకు దూరంగా ఉండి, 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది. 2024లో న్యూయార్క్‌లో మొదటి ఆటే ఓడిపోయి, కుంగిపోకుండా పదకొండింట ఎనిమిదిన్నర పాయింట్లతో ముప్పై ఏడేళ్ల వయసులో మళ్లీ ప్రపంచ విజేత అయింది. చివరి ఆటలో నల్లపావులతో గెలిచి మరీ. నన్నడిగితే తెలుగువారు ఇంతవరకు కన్న అన్ని ఆటల క్రీడాకారుల్లో హంపిదే మొదటి పీట. ఆమెకు దక్కాల్సిన గౌరవంలో పదో వంతు కూడా మనం ఇవ్వలేదు.

ద్రోణవల్లి హారికను చూడండి. గుంటూరు నుంచి వచ్చి, ఎన్.వి.ఎస్. రామరాజు శిక్షణలో ఎదిగింది. 2008లో ప్రపంచ జూనియర్ బాలికల విజేత, 2011లో గ్రాండ్‌మాస్టర్. 2012, 2015, 2017లో మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం. 2022లో చెన్నై ఒలింపియాడ్‌కు నిండు గర్భంతో వచ్చి కూర్చుని, దేశానికి మహిళల జట్టు కాంస్యంలో పాలుపంచుకుంది. రెండేళ్లకు బుడాపెస్ట్‌లో స్వర్ణం. ఒక ఆటకు నాలుగైదు గంటలు ఆ స్థితిలో కూర్చోవడమంటే ఏమిటో తల్లులకు తెలుసు. ఓపిక ఈ ఆటలో సగం కాదు, ముప్పావు.

మన ఊళ్లకు ఏమి కావాలి

ఇప్పుడు పిల్లలు ఆడుతున్నది ఏమిటి? బస్సులో, బడి గోడ పక్కన, అన్నం తింటూ ఒక్క నిమిషం ఆటలు. ఎత్తు ఆలోచించి కాదు, వేలు తోసి. గంటకు ముప్పై ఆటలు, ఒక్కటీ గుర్తుండదు. గెలిస్తే అరుపు, ఓడితే ఇంకోటి. నిమిషం ఆటలు పెద్ద ఆటగాళ్లకు సరదా. వాళ్లకు ముందే చూపు ఉంది. చూపు ఇంకా పుట్టని పిల్లలకు అది తప్పులను అలవాటు చేసే యంత్రం. ఇంకొందరు అవతలి పక్క ఇంజిన్ పెట్టుకుని గెలుస్తున్నారు. దొంగ గెలుపుతో వచ్చిన అంకెను చూసి మురిసే ఇల్లు పిల్లవాడికి చదరంగం నేర్పడం లేదు, దొంగతనం నేర్పుతోంది. 2024 మార్చి నుంచి అంతర్జాతీయ రేటింగ్ కింది మెట్టు 1000 నుంచి 1400కు పెంచారు. ఆ అంకె కోసం తల్లిదండ్రులు పడే ఆరాటంలో సగం రాజు–బంటు చివరాట మీద పెడితే అంకె దానంతటదే వస్తుంది.

మన రెండు ఉమ్మడి జిల్లాల పిల్లలకు ఉన్న కష్టం ఇంకొకటి. రేటింగ్ పోటీల్లో ఎక్కువభాగం హైదరాబాద్ చుట్టే. గద్వాల పిల్ల రెండు వందల కిలోమీటర్లకు దగ్గరి దూరం బస్సులో వెళ్లాలి. ఎంట్రీ ఫీజు కట్టాలి, తోడు వచ్చిన నాన్న రెండు రోజుల కూలి పోగొట్టుకోవాలి. వలస పోయే ఇళ్లున్న పాలమూరులో, బోరు ఎండితే అప్పు పెరిగే దేవరకొండ తండాల్లో ఆ ఖర్చు ఎవరు పెడతారు? తెలివి ఇక్కడ తక్కువై మన పేరు ఆ జాబితాలో లేకపోలేదు. బల్ల దగ్గరికి రాలేదు, అంతే.

గురుకుల విద్య ఈ నేలమీదే పుట్టింది. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో అప్పటి నల్లగొండ జిల్లాలోని సర్వేల్‌లో మొదటి గురుకులం వెలసింది. పిల్లలు అక్కడే ఉంటారు, సాయంత్రాలు ఖాళీగా ఉంటాయి, ఫోన్లు ఉండవు. చదరంగానికి ఇంతకంటే అనువైన చోటు భూమ్మీద ఉందా? ప్రతి గురుకులంలో, ప్రతి జిల్లా పరిషత్ హైస్కూల్లో పది బల్లలు, రెండు గడియారాలు, ఎత్తులు రాసుకునే పుస్తకాలు, వారానికి రెండు సాయంత్రాలు. నేర్పే సార్‌కు గ్రాండ్‌మాస్టర్ బిరుదు అక్కర్లేదు. ఏనుగుతో ఆటకట్టు, రాజు–బంటు లెక్క తెలిసి, పిల్లలను ఆగి ఆలోచించమనగలిగితే చాలు. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లా గ్రంథాలయాల్లో ఆదివారం పొద్దున ఒక గది ఇవ్వండి. ఎంట్రీ ఫీజు లేని పోటీలు నెలకొకటి పెట్టండి. రేటింగ్ లేకపోయినా పర్వాలేదు, నిదానమైన ఆట ఉండాలి, ఎత్తులు రాయడం ఉండాలి, ఆట అయ్యాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం ఉండాలి.

తల్లిదండ్రులకు నా విన్నపం. మీ పిల్లను శిక్షణ కేంద్రంలో చేర్చేముందు అక్కడి సార్‌ను ఒకటే అడగండి: “మొదటి నెల ఏం నేర్పుతారు?” ఆరంభాలు, ఉచ్చులు అని చెబితే లేచి వచ్చేయండి. ఏనుగుతో ఆటకట్టు, రాజుల ఎదురుబొదురు నిలబాటు అని చెబితే ఆ మనిషికి చేతులు జోడించి పిల్లను అక్కడే వదలండి. ఈ సాయంత్రమే ఇంట్లో బల్ల పరవండి. రెండు రాజులు, ఒక ఏనుగు పెట్టండి. పదహారు ఎత్తుల్లో కట్టమనండి. కట్టలేకపోతే మళ్లీ పెట్టండి.